ఫుస్తాత్ పొగ, లాకీ మబ్బు: నైలు పొంగని రెండేళ్ల కథ

కైరో నగరానికి ఎదురుగా, నైలు నది మధ్యనున్న రౌదా ద్వీపం దక్షిణపు కొనలో ఒక లోతైన బావి ఉన్నది. బావి నడుమ ఎనిమిది పలకల పాలరాతి స్తంభం, దాని మీద మూరల లెక్క చెక్కి ఉంటుంది. అబ్బాసీ ఖలీఫా ముతవక్కిల్ కాలంలో, క్రీ.శ. 861లో కట్టిన ఈ కట్టడానికి మిఖ్యాస్ అని పేరు. కొలమానం అని అర్థం. ఏటా వేసవి చివర నది ఎంత పొంగిందో ఇక్కడ చూసి ఊరికి చాటేవారు. నీరు పదహారు మూరలు అందితే పండుగ, కాలువ గట్టు తెంచడం, సర్కారుకు శిస్తు. అందకపోతే ముందు ధాన్యం ధర పెరిగేది, తరువాత కరవు వచ్చేది.

క్రీ.శ. 1783లోను, 1784లోను నది చాలినంత పొంగలేదు. ఈజిప్టు చరిత్రకారుడు అబ్దుర్రహ్మాన్ అల్‌జబర్తీ అప్పటికి ముప్పై ఏళ్ల యువకుడు. తరువాత వ్రాసిన తన పెద్ద చరిత్రలో ఆ రోజులను గురించి చెబుతూ, నైలు తక్కువ కావడం, ధరలు మండిపోవడం, అమీర్ల కలహాలు, వారి మనుషులు పల్లెల మీద పడి డబ్బు గుంజడం, రైతులు ఊళ్లు వదిలిపోవడం అన్నిటినీ ఒకే వరుసలో పేర్కొన్నారు. ఆ కాలంలోనే ఈజిప్టును, షామ్‌ను చూచి వెళ్లిన వోల్నే అనే ఫ్రెంచి యాత్రికుడు 1787లో అచ్చు వేసిన తన గ్రంథంలో ఇదే కరవును వర్ణించాడు. మొదటి ఏడు నీరు చాలక చాలా నేల విత్తలేదు. విత్తనాలు లేక మరికొంత బీడు పడింది. రెండవ ఏడు కూడా నది మొండికేసేసరికి కైరో వీధులలో బిచ్చగాళ్లు సైతం కనబడకుండా పోయారు. ఉన్నవారు చచ్చిపోయారు, నడవగలవారు వెళ్లిపోయారు. 1785 ఆరంభానికి ఈజిప్టు జనాభాలో ఆరవ వంతు తరిగిపోయిందని అతని లెక్క. ఒక యాత్రికుడి అంచనా గనుక ఆ అంకెను అచ్చంగా నమ్మనక్కరలేదు. అయితే ఆ కరవు ఎంత పెద్దదో అది చెబుతుంది.

నది ఎందుకు పొంగలేదు? జబర్తీ ఈ ప్రశ్న వేసుకోలేదు. ఆనాడు వేసుకున్నా జవాబు దొరికే దారి లేదు. రెండు వందల ఇరవై ఏళ్లు గడిచాక, 2006లో, శాస్త్రజ్ఞులు కొందరు ఒక జవాబు సూచించారు. వారు వేలు చూపినది కైరోకు వేల మైళ్ల దూరంలో, ఉత్తర ధ్రువానికి దగ్గరగా ఉన్న ఐస్‌లాండ్ ద్వీపం వైపు. ఆ ద్వీపపు గంధకం, ఈజిప్టు రైతు గింజ, రెండింటినీ కలిపినది గాలి. గాలి ఇంత దూరపు పనులు చేయగలదని మనుషులకు తెలిసిరావడానికి చాలా కాలం పట్టింది. దగ్గరి పనులు మాత్రం మన గ్రంథకర్తలకు చాలా ముందే తెలుసు. అందుచేత ముందు ఏడున్నర శతాబ్దాలు వెనక్కి, అదే నగరపు పాత భాగమైన ఫుస్తాత్‌కు పోదాము.

అలీ ఇబ్ను రిద్వాన్ క్రీ.శ. పదవ శతాబ్దపు చివరలో, కైరోకు నది అవతల ఉన్న జీజాలో పుట్టారు. తండ్రి రొట్టెలు కాల్చి అమ్మే పేదవాడు. కుర్రవాడు గురువు లేకుండానే వైద్యం చదివాడు, పొట్టకోసం జ్యోతిషం చెప్పుకున్నాడు, చివరకు ఫాతిమీ ఖలీఫాల కొలువులో ప్రధాన వైద్యుడయ్యాడు. నోటి దురుసు కూడా తక్కువేమీ కాదు. బాగ్దాదు వైద్యుడు ఇబ్ను బుత్లాన్‌తో ఆయన సాగించిన కలహం వైద్యుల చరిత్రలో పేరుబడినది. ఖైరవాన్ వైద్యుడు ఇబ్ను అల్‌జజ్జార్ ఈజిప్టు గాలిని, నీటిని గురించి వ్రాసినది చూచి, ఆ దేశం చూడనివాడు దాని గాలిని గురించి ఎలా వ్రాస్తాడని ఇబ్ను రిద్వాన్‌కు కోపం వచ్చింది. ఈజిప్టు నేలలో శరీరాలకు కలిగే హానిని తొలగించుకోవడం ఎలా అన్న విషయం మీద తానే ఒక గ్రంథం వ్రాశారు.

ఈ గ్రంథంలో ఫుస్తాత్ వర్ణన చదివితే ఇది వెయ్యేళ్ల క్రిందటిదని నమ్మబుద్ధి కాదు. తూర్పున ముఖత్తమ్ కొండ అడ్డు నిలిచి ఆ వైపు గాలిని ఆపుతుంది. వీధులు ఇరుకు, ఇళ్లు ఎత్తు. చచ్చిన పిల్లులను, కుక్కలను జనం వీధిలో పారవేస్తారు. మరుగుదొడ్ల మురికి నదిలో కలుస్తుంది, ఆ నీరే తాగుతారు. హమ్మాముల పొయ్యిల నుంచి పొగ ఎడతెగకుండా లేస్తుంది. ఉదయం తొడిగిన తెల్లబట్ట సాయంకాలానికి మాసిపోతుంది. ఏదో పని మీద ఊరిలో తిరిగి వచ్చినవాడి ముఖం మీద, గడ్డంలో ధూళి పేరుకుంటుంది. వేసవి సాయంకాలాలలో, అందులోను గాలి ఆడని వేళ, ఊరి మీద నల్లని మురికి ఆవిరి నిలిచి కనబడుతుందని ఆయన వ్రాశారు. అల్‌ఖాహిరా ఇంతకంటె నయమని, అక్కడి వీధులు వెడల్పు, శుభ్రమని కూడా చెప్పారు. నాలుగు శతాబ్దాల తరువాత మఖ్రీజీ కైరో చరిత్ర వ్రాస్తూ ఈ వర్ణనను తన గ్రంథంలో చేర్చుకున్నారు.

గాలి ఆడని వేళ అన్న చిన్న మాట విలువైనది. పగలు నేల వేడికి గాలి పైకి లేస్తుంది. దానితో పాటు పొగ కూడా పైకెగిసి చెదరిపోతుంది. సాయంత్రం నేల చల్లబడగానే క్రింది గాలి బరువెక్కి అక్కడే నిలిచిపోతుంది, పైనున్న వెచ్చని గాలి మూత వలె కూర్చుంటుంది. ఆ మూత క్రింద పొయ్యిల పొగ బందీ అవుతుంది. చలికాలపు ఉదయాలలో మన ఊళ్ల మీద పొగ ఇలాగే పరచుకోవడం అందరూ చూచినదే. ఇబ్ను రిద్వాన్‌కు మూత సంగతి తెలియదు. కాని చూచినదాన్ని చూచినట్లు, ఏ ఋతువులో ఏ వేళ ఎలా ఉన్నదో వ్రాశారు.

ఆయన ఒంటరివాడు కాదు. చెడిన గాలి రోగానికి మూలమన్న ఆలోచన గ్రీకు వైద్యం నుంచి వచ్చింది. మూడవ హిజ్రీ శతాబ్దంలోనే అల్‌కిందీ రోగపు గాలిని బాగుచేసే ధూపాలను గురించి వ్రాశారు. బైతుల్ ముఖద్దస్‌లో పుట్టి ఈజిప్టులో స్థిరపడిన అత్తమీమీ, ఫాతిమీ వజీరు యాఖూబ్ ఇబ్ను కిల్లిస్ కోసం, గాలి చెడిపోవడం మీదనే ఒక పెద్ద గ్రంథం కూర్చారు.

ఇక్కడ ఒక మాట చెప్పక తప్పదు. మన సభలలో కొందరు వక్తలు ఇటువంటి పేర్లు చదివి, నేటి విజ్ఞానమంతా మన పెద్దలు ఆనాడే చెప్పి ఉన్నారని ముగిస్తారు. ఇది పెద్దలను గౌరవించే పద్ధతి కాదు. ఇబ్ను రిద్వాన్ చూచినది ఒక ఊరి పొగ. ఆ పొగ ఊరు దాటి ఎక్కడికి పోతుందో, అక్కడ ఏమి చేస్తుందో ఆయన అడగలేదు. వారందరి దృష్టిలో గాలి ఒక చోటుకు చెందినది: ఈ ఊరి గాలి మంచిది, ఆ ఊరి గాలి చెడ్డది. లేనిది వారి నోట పెడితే ఉన్నదాని విలువ కూడా పోతుంది. ఉన్నది తక్కువేమీ కాదు.

ఉన్నదానిలో ఒక భాగం వైద్యుల దగ్గర కాక ఫుఖహాల దగ్గర ఉన్నది. పొరుగువాడి పొగ గోడ దాటి వస్తే ఏమి చేయాలన్నది ఫిఖహ్ గ్రంథాలలో పాత ప్రశ్న. తూనిస్‌కు చెందిన ఇబ్నుర్రామీ పధ్నాలుగో శతాబ్దపు మొదటి సగంలో కట్టడాల తగవుల మీద ఒక గ్రంథం వ్రాశారు. ఆయన స్వయంగా మేస్త్రీ. ఖాజీ పంపగా పోయి గోడలను, కాలువలను, పొయ్యిలను చూచి సాక్ష్యం చెప్పినవారు. అందుచేత ఆ గ్రంథంలో ఇటుక, సున్నం వాసన వేస్తుంది. హమ్మాము పొగ, రొట్టెల పొయ్యి పొగ, తోళ్లు ఊనేవారి దుర్వాసన పొరుగువారికి కలిగించే హానిని ఆయన విడివిడిగా చర్చించారు. మాలికీ పండితుల తీర్పులలో రెండు విషయాలు ముఖ్యం: హాని నిజంగా ఉన్నదా, ఏది ముందు వచ్చింది, ఇల్లా, పొయ్యా? ఈ విచారణ సాధ్యం కావాలంటే పొయ్యి ఎవరిదో కంటికి కనబడాలి. పొగకు యజమాని ఉండాలి, పొరుగువాడికి గోడ ఉండాలి. పొగ గోడలు దాటి, దేశాలు దాటి, ఎవరిదో తెలియకుండా పోయిన నాడు ఈ లెక్క ఎలా?

పొగ, ధూళి అంత దూరం ఎలా పోగలవో కొంచెం చూడాలి. ఇదంతా రేణువు పరిమాణం, అది ఎక్కిన ఎత్తు, దారిలో వాన, ఈ మూడింటి మీద ఆధారపడి ఉంటుంది. ఇసుక రేణువు బరువైనది; గాలి దానిని నేల మీదనే ఎగరవేసి దింపుతుంది. ఆ ఇసుక నేలను కొట్టినప్పుడు లేచే సన్నని దుమ్ము వేరు. మిల్లీమీటరులో వందవ వంతు కంటె చిన్న రేణువు రోజుల తరబడి గాలిలో నిలుస్తుంది. వాన పడితే కడుక్కుపోతుంది. వాన మబ్బులకు పైన, పది పదిహేను కిలోమీటర్ల ఎత్తు దాటిన పొరలోకి చేరితే కడిగేవాడు లేడు. అక్కడ ఏడాది, రెండేళ్లు కూడా ఉండగలదు.

సహారా దుమ్ము దీనికి మంచి సాక్ష్యం. చాద్ దేశంలో, తిబెస్తీ, ఎన్నెదీ కొండల మధ్య సందులోంచి గాలి దూసుకువచ్చే చోట బోదెలే అనే పల్లం ఉన్నది. ఒకప్పుడు ఇప్పటి చాద్ సరస్సుకంటె ఎన్నో రెట్లు పెద్దదైన సరస్సుకు ఇది అడుగు. ఎండిన ఆ అడుగున ఉన్నది ఇసుక కాదు, నీటిలో బ్రతికిన సూక్ష్మజీవుల గుల్లల పొడి. గాలి దానిని లేపి పడమటికి మోస్తుంది. ఉపగ్రహం కొలతలతో 2015లో ప్రకటించిన లెక్క ప్రకారం సహారా పడమటి తీరం దాటి ఏటా సుమారు 18 కోట్ల టన్నుల దుమ్ము సముద్రం మీదకు పోతుంది. అందులో రెండు కోట్ల 70 లక్షల టన్నులకు పైగా అమెజాన్ అడవుల మీద రాలుతుంది. దానిలోని భాస్వరం ఆ అడవికి ఎరువు.

పాత అరబ్బు భూగోళ గ్రంథాలలో ఆఫ్రికా పడమటి సముద్రానికి బహ్రుజ్జులుమాత్, చీకట్ల సముద్రం అని పేరు. 1154లో సిసిలీ రాజు రోజర్ కోసం గ్రంథం ముగించిన అల్‌ఇద్రీసీ ఈ సముద్రపు మసక వెలుగును గురించి చెబుతూ, లిస్బన్ నుంచి బయలుదేరి దాని అంతు చూడబోయిన ఎనిమిది మంది బంధువుల కథ కూడా వ్రాశారు. ఆ చీకటిలో కొంత సహారా దుమ్మే అయి ఉండవచ్చునని తరువాతివారి ఊహ. నాకు అది సమంజసంగానే తోస్తుంది, కాని రుజువు కాదు. 1832 జనవరిలో డార్విన్ ఓడ కేప్ వెర్ద్ దీవుల దగ్గర ఉండగా సన్నని దుమ్ము రాలింది. ఆయన దానిని పొట్లం కట్టి జర్మనీకి పంపగా సూక్ష్మదర్శినిలో జీవుల గుల్లలు కనబడ్డాయి. దుమ్ము దూరప్రయాణం చేస్తుందనడానికి చేతిలో పట్టుకోగల సాక్ష్యం అలా దొరికింది.

ఇక లాకీ సంగతి. 1783 జూన్ 8న, హిజ్రీ 1197 రజబ్ నెలలో, ఐస్‌లాండ్ దక్షిణ భాగంలో నేల సుమారు 27 కిలోమీటర్ల పొడవున చీలింది. ఒక శిఖరం పేలడం కాదు ఇది. వందకు పైగా నోళ్లు వరుసగా తెరుచుకుని, మరుసటి ఏడు ఫిబ్రవరి దాకా ఎనిమిది నెలలపాటు కరిగిన రాయిని, గంధకపు వాయువును కక్కాయి. ఆ వాయువు సుమారు 12 కోట్ల టన్నులని నేటి అంచనా. గడ్డి మీద విషం రాలి గొర్రెలలో ఐదింట నాలుగు వంతులు చచ్చాయి. ఆ తరువాతి కరవులో ద్వీపపు మనుషులలో ఐదవ వంతు పైగా పోయారు. యోన్ స్టెయిన్‌గ్రిమ్సన్ అనే పల్లెటూరి పాదరీ దీనినంతా కళ్లారా చూచి వ్రాసి పెట్టాడు. కైరోలో జబర్తీ ఎటువంటివాడో ఐస్‌లాండ్‌లో ఆయన అటువంటివాడు.

ఈ గంధకపు వాయువు గాలిలోని తేమతో కలిసి గంధకామ్లపు అతిసన్నని తుంపరలుగా మారింది. చాలా భాగం పైగాలుల ప్రవాహంలో పడింది. జూన్ నెల గడవకముందే ఐరోపా అంతటా ఎండకు విడిపోని పొడి మంచు వంటి మసక పరచుకుంది. సూర్యుడు ఎర్రని పళ్లెంలా కనబడ్డాడు. షామ్ తీరంలోని తరాబులుస్ దాకా, ఆసియా నడుమ అల్తాయి కొండల దాకా ఆ మసక వెళ్లినట్లు దాఖలాలున్నాయి. అప్పుడు పారిస్‌లో అమెరికా రాయబారిగా ఉన్న బెంజమిన్ ఫ్రాంక్లిన్, ఈ మసక వలన ఎండ బలం తగ్గిందని, దీనికి ఐస్‌లాండ్ అగ్నిపర్వతం కారణం కావచ్చునని 1784లో వ్రాశాడు. ఆ తరువాతి చలికాలపు తీవ్రతను కూడా దీనికే ముడిపెట్టాడు.

ఈజిప్టుకు దీనితో ఏమి సంబంధం? నైలు వరద ఈజిప్టు వాన కాదు, ఇథియోపియా ఎత్తుభూముల వాన. వేసవిలో అక్కడ కురిసిన నీరు నీలి నైలుగా, అత్బరాగా దిగివస్తుంది. వరదలో అధిక భాగం దానిదే. ఆ వాన కురిసేది మన నైరుతి ఋతుపవనం కురిసిన పద్ధతిలోనే. ఎండకు నేల త్వరగా వేడెక్కుతుంది, సముద్రం ఆలస్యంగా వేడెక్కుతుంది. వేడెక్కిన నేల మీది గాలి తేలికపడి లేస్తుంది, ఆ చోటు నింపడానికి సముద్రం మీది తేమ గాలి లోపలికి వస్తుంది. నేలకు, సముద్రానికి మధ్య ఈ తేడా ఎంత ఉంటే ఋతుపవనం అంత బలం. ఉత్తరార్ధగోళం మీద గంధకామ్లపు తెర కప్పి ఎండను వెనక్కి తిప్పితే నేల చల్లబడుతుంది, తేడా తగ్గుతుంది, వానగాలి లోపలికి రాదు. మబ్బు లేక ఆకాశం తెరిపిగా ఉండడం చేత వాన తప్పిన చోట మాత్రం వేడి పెరుగుతుంది. అమెరికాలోని రట్గర్స్ విశ్వవిద్యాలయానికి చెందిన అలన్ రోబాక్, ల్యూక్ ఓమన్, వారి తోటివారు 2006లో కంప్యూటరు మీద ఈ లెక్క వేసి చూడగా, లాకీ తెర వలన ఆఫ్రికా, భారత ఋతుపవనాలు బలహీనపడి నైలు నీరు తగ్గవలసి వచ్చింది. వోల్నే చూచినది, జబర్తీ వ్రాసినది ఈ లెక్కతో సరిపోయాయి.

సరిపోవడం వేరు, రుజువు కావడం వేరు. ఆ ఏళ్లలోనే ఉత్తర హిందూస్థానంలో చాలీసా కరవు వచ్చింది. విక్రమ సంవత్ 1840 గనుక ఆ పేరు. దానిని కూడా లాకీ ఖాతాలో వేయాలని కొందరికి తొందర. కాని అక్కడ వానలు అంతకుముందే తప్పడం మొదలైంది. పసిఫిక్ సముద్రపు మార్పులకు కూడా అందులో చేయి ఉన్నదంటారు. అందుచేత నైలు విషయంలో బలమైన అనుమానం, చాలీసా విషయంలో బలహీనమైన అనుమానం అని చెప్పి ఊరుకోవడం మంచిది.

ఇంకొక సంగతి. వరద తగ్గించినది గంధకమైతే కావచ్చు. జనాన్ని చంపినది ఒక్క గంధకం కాదు. ఆనాడు ఈజిప్టును ఏలుతున్నవారు ఇబ్రాహీం బే, మురాద్ బే. ఇద్దరూ ఒకరితో ఒకరు తగవుపడుతూ, కలిసినప్పుడు రైతును పిండుతూ వచ్చారు. చివరకు ఉస్మానీ సుల్తాను 1786లో హసన్ పాషాను సేనతో పంపవలసి వచ్చింది. జబర్తీ వరసలో నైలు, అమీర్లు పక్కపక్కనే ఉండడం యాదృచ్ఛికం కాదు. ఎండిన ఏడు శిస్తు మాఫీ చేసే పాలకుడు ఉంటే కరవు మరొక రకంగా ఉండేది. ఈజిప్టు చరిత్రకారుడు అలన్ మిఖాయిల్ ఈ విషయం మీద వ్రాసినప్పుడు ఈ రెండు తీగలనూ కలిపే చూపాడు. అదే సరైన దారి.

లాకీ అల్లా సృష్టిలోని సంఘటన. దానిని ఖాజీ ముందు నిలబెట్టలేము. ఇరవయ్యవ శతాబ్దంలో అదే పని మనుషుల చేతి మీదుగా జరిగింది. 1952 డిసెంబరులో లండన్ నగరం మీద బొగ్గు పొగ ఐదు రోజులు మూత పెట్టుకుని కూర్చుంది. నాలుగు వేల మంది పోయారని అప్పటి లెక్క, అంతకు చాలా ఎక్కువని తరువాతి లెక్క. ఫుస్తాత్ సాయంకాలానికి ఇది పెద్దన్న. 1956లో చట్టం వచ్చింది. ఇళ్లలో పొగ తగ్గింది, కరెంటు కేంద్రాల పొగగొట్టాలు మాత్రం ఆకాశానికి లేచాయి. గొట్టం ఎత్తు పెరిగితే ఊరికి మంచిదే. గంధకం ఎక్కడికీ పోలేదు, పొరుగుదేశానికి పోయింది. స్వీడన్, నార్వే సరస్సులలో చేపలు చావడం మొదలయ్యాక ఆ దేశాలు తగవుకు దిగాయి. 1979లో జెనీవాలో దూరప్రయాణం చేసే గాలి మాలిన్యం మీద ఒక ఒడంబడిక కుదిరింది. ఐరోపా, ఉత్తర అమెరికా రాజ్యాలు దానిమీద సంతకాలు చేశాయి. పొగకు యజమాని ఉన్నాడని రాజ్యాలు ఒప్పుకున్న మొదటి పెద్ద సందర్భం ఇది.

ఆ బల్ల దగ్గర సాహిల్ దేశాలు లేవు. సహారాకు దక్షిణపు అంచున సెనెగల్, మారిటేనియా, మాలీ, నైజర్, చాద్ వరుసగా ఉన్న పట్టీని సాహిల్ అంటారు. తీరం అని అర్థం, ఎడారి సముద్రానికి తీరం. 1968 నుంచి అక్కడ వానలు తప్పాయి. 1972, 73లలో పశువులు మందలు మందలుగా చచ్చాయి. 1984 నాటికి మళ్లీ అదే కథ. అరవైలలో 25 వేల చదరపు కిలోమీటర్ల దాకా ఉన్న చాద్ సరస్సు ఎనభైల నడుమకు పదవ వంతు కూడా మిగలలేదు. అక్కడి ఫులానీ, త్వారిగ్ పశుపాలకులు ముస్లిములు, శతాబ్దాలుగా వానను వెంబడించి బ్రతికేవారు. ఆనాటి నిపుణులలో చాలామంది వేలు చూపినది వారి వైపే: మందలు పెంచి, గడ్డి మేపి, చెట్లు కొట్టి ఎడారిని తామే పిలుచుకున్నారన్నారు. 1977లో నైరోబీలో జరిగిన ఐక్యరాజ్య సమితి సభ ఎడారి విస్తరణ మీదనే.

తరువాత లెక్క మారింది. 1986 నుంచి వచ్చిన పరిశోధనలు దూరపు సముద్రాల వేడిలోని తేడాలకు సాహిల్ వానకు ముడి చూపాయి. 2002లో రోట్‌స్టెయిన్, లోమన్ అనే ఇద్దరు మరొక అడుగు వేశారు. ఐరోపా, అమెరికా పరిశ్రమల గంధకపు తెర ఉత్తరార్ధగోళాన్ని దక్షిణం కంటె చల్లబరచి, వాన పట్టీని దక్షిణానికి నెట్టి ఉండవచ్చునన్నారు. పాఠకులు గమనించగలరు, ఇది లాకీ పని చేసిన దారే. తేడా ఒకటే: లాకీ ఎనిమిది నెలలు కక్కింది, పొగగొట్టాలు దశాబ్దాల తరబడి కక్కాయి. ఎనభైల తరువాత పడమటి దేశాలలో గంధకం తగ్గింది, సాహిల్ వానలు కూడా కొంత కోలుకున్నాయి. కరవులో పొగ వంతు ఎంత, సముద్రాల సహజ స్వభావం వంతు ఎంత అన్న దాని మీద పండితులలో ఇంకా ఏకాభిప్రాయం లేదు. పశువుల కాపరుల వంతు మాత్రం ఆనాడు చెప్పినంత లేదన్నది చాలావరకు తేలింది. చెప్పినవారెవరూ వారికి క్షమాపణ చెప్పినట్లు నేను చదవలేదు.

ఆ కరవు నేలనుంచి లేచిన దుమ్ము కూడా ప్రయాణం కట్టింది. అట్లాంటిక్ అవతల బార్బడోస్ దీవిలో జోసెఫ్ ప్రాస్పెరో అనే శాస్త్రజ్ఞుడు 1965 నుంచి గాలిలోని దుమ్మును జల్లెడ పట్టి తూచడం మొదలుపెట్టాడు. సాహిల్ ఎండిన ఏళ్లలో ఆ జల్లెడలో దుమ్ము పెరిగింది. ఎవరి పొగో తమ వానను దోచుకోగా ఎండిన పొలం మన్ను, సముద్రం దాటి మరొకరి ముంగిట రాలింది.

మన సంగతి ఏమిటని అడగవచ్చు. మనది బాధితుల వరస ఒక్కటే కాదు. 1999లో హిందూ మహాసముద్రం మీద అనేక దేశాల శాస్త్రజ్ఞులు చేసిన పరిశీలనలో, చలికాలమంతా ఉపఖండం నుంచి మాల్దీవుల దాకా పరచుకున్న గోధుమరంగు పొగ తెర కనబడింది. మన పొయ్యిలు, వాహనాలు, కరెంటు కేంద్రాలు, పొలాలలో కాల్చే గడ్డి, అన్నీ అందులో ఉన్నాయి. ఇరవయ్యవ శతాబ్దపు రెండవ సగంలో మన ఋతుపవనం బలహీనపడడానికి మనుషులు వదిలిన ఇటువంటి రేణువులు ముఖ్య కారణమని 2011లో వెలువడిన ఒక పరిశోధన తేల్చింది. తెలంగాణలో, రాయలసీమలో మెట్ట రైతుకు ఇది దూరపు వార్త కాదు. కాని రేణువులన్నీ ఒకే పని చేయవు. అరబ్బు ఎడారుల నుంచి లేచి అరేబియా సముద్రం మీదకు వచ్చే దుమ్ము ఎండ వేడిని పీల్చుకుని ఆ గాలిని వెచ్చబరుస్తుంది; అది తేమ గాలిని మన వైపుకు లాగి, వారం రోజులలోపు మధ్య భారతంలో వాన పెంచగలదని 2014లో మరొక పరిశోధన చెప్పింది. ఒక తెర వాన చెడగొడుతుంది, మరొక తెర వాన తెస్తుంది. లెక్క కట్టేవారికి తలనొప్పి ఇదే.

ఇబ్నుర్రామీ ఉండి ఉంటే ఈ తగవులో మొదట ఏమి అడిగి ఉండేవాడా అని నాకు తరచు అనిపిస్తుంది. హాని ఉన్నదా? ఉన్నది. ఏది ముందు? సాహిల్ మంద పొగగొట్టం కంటె చాలా ముందుది. పొయ్యి ఎవరిది? ఇక్కడ ఆయన మేస్త్రీ పనిముట్లు ఆగిపోతాయి. లక్ష పొయ్యిల పొగ ఒకే తెరగా కలిసినప్పుడు ఏ తలుపు తట్టాలో ఏ ఖాజీ చెప్పగలడు? పూర్వపు ఫుఖహాలు పొరుగు ఎంత దూరమన్న దానిని కూడా చర్చించారు. నలభై ఇళ్లని కొందరన్నారు. నేటి ఫిఖహ్ సభలు బ్యాంకులను గురించి, అవయవ మార్పిడిని గురించి వివరంగా చర్చించాయి. ఈ నలభై ఇళ్ల లెక్కను ఐస్‌లాండ్ నుంచి ఇథియోపియా దాకా చాచి చూచే పనికి కూడా వారిలో కొందరు పూనుకోవలసి ఉన్నది.

రౌదా ద్వీపంలో మిఖ్యాస్ ఇప్పటికీ నిలిచి ఉన్నది. మెట్లు దిగి అడుగు దాకా పోవచ్చు, కాలు తడవదు. 1970లో అస్వాన్ పెద్ద ఆనకట్ట పూర్తి అయిన తరువాత ఏటి వరద కైరో దాకా రావడం ఆగిపోయింది. పాలరాతి మీద మూరల గీతలు అలాగే ఉన్నాయి. ఆనకట్ట వెనుక సరస్సును నింపేది మాత్రం నేటికీ ఆ ఇథియోపియా వేసవి వానే.